నాగలింగం నాటిన చోట

కారు దిగేటప్పుడు అత్తగారి చెయ్యి ఒక చేతిలో, మంచినీళ్ళ ఫ్లాస్కూ మాత్రల సంచీ ఇంకో చేతిలో పట్టుకుని, ఆమె చాలా ఏళ్ళ తర్వాత ఆ హోటల్ తోటలోకి అడుగుపెట్టింది. భర్త అప్పటికే ముందుకెళ్ళిపోయి, భోజనానికి పిలిచిన యజమానికి చేతులూపుతూ ఏదో చూపిస్తున్నాడు.

అందరూ ఆయన్ని తోటల సార్ అంటారు. కాగితం మీద తోట గీసేది ఆయన. గోతులు తవ్వించడం, మొక్కలు దింపించడం, కూలీలతో పాటు తనూ మట్టిలోకి దిగడం ఆమె పని. దానికి పేరూ లేదు, జీతమూ లేదు. "మా ఆవిడకి ఇంట్లో ఊసుపోదు, వచ్చి సాయం చేస్తుంటుంది" అని చెప్పుకునేవాడు.

తోట ఏపుగా పెరిగింది. అప్పట్లో మోకాలెత్తు లేని హెలికోనియాలు ఇప్పుడు తలకి మించి లేచి ఎర్రటి గుత్తులు వేలాడేస్తున్నాయి. కొబ్బరిచెట్టుని పట్టుకుని పైకెక్కిన మనీప్లాంటు ఆకులు చేటలంత ఉన్నాయి. వాటి మధ్య, మొదలంతా పూలు పూసిన నాగలింగం చెట్టు. దాని దగ్గరికి రాగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

అది నాటినప్పుడు ఆమెకి నాలుగో నెల. "ఇప్పుడే ఎవరికీ చెప్పకు. అమ్మకి తెలిస్తే నిన్ను పనికి రానివ్వదు, నేను మునిగిపోతాను" అన్నాడాయన. చెప్పలేదు. తెల్లారితే ప్రారంభోత్సవం అనగా మొక్కల లారీ ఆలస్యంగా వచ్చింది, కూలీలు ఇళ్ళకి వెళ్ళిపోయారు. వేళ్ళకి మట్టిగడ్డతో ఉన్న ఈ చెట్టుని ఒక పక్క ఆయన, ఒక పక్క ఆమె పట్టి ఈడ్చారు. నడుములో ఏదో తెగినట్టయింది. పనివాళ్ళ మరుగుదొడ్డిలో గోడ పట్టుకుని, నోట్లో కొంగు కుక్కుకుని, ఒక్కతే. అయ్యాక అదే కొంగు చింపి చుట్టి తెచ్చి, చెట్టు కోసం తవ్విన గోతిలో అడుగున పెట్టి పైన మట్టి వేసింది. ఆయన చూశాడు. "తొందరగానే పోయింది, ఇంకా నయం. కాసేపు కూర్చో" అన్నాడు. ఆ కాసేపూ అయ్యాక, "లేవగలవా? ఆ వరస ఒక్కటే మిగిలింది" అన్నాడు. ఆమె లేచింది. ఆయన అలా ఎలా అడగగలిగాడన్నది ఆమెకి ఎప్పుడో అర్థమైంది. తనెలా లేచిందన్నది మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ తర్వాత కడుపు నిలవలేదు. అత్తగారు చుట్టాల ముందు గొడ్రాలని ఎన్నిసార్లు అనలేదు! ఆయన పక్కనే కూర్చుని పేపరు తిప్పుకునేవాడు. అది నిజం కాదనాలంటే, కడుపుతో ఉన్న మనిషి చేత చెట్టు లాగించిన సంగతి కూడా చెప్పాలి మరి.

"కాయలు రాలి కుళ్ళి ఒకటే కంపు సార్," అంటున్నాడు యజమాని. "ఇది తీసేసి స్విమ్మింగ్ పూల్ వేద్దామనుకుంటున్నా."

"దానికేం, వేళ్ళతో సహా లేపేద్దాం." ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఇదిగో, రేపు మనవాళ్ళని రమ్మను. నువ్వు దగ్గరుండి చూసుకో."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఏమీ దాచడం లేదు. నిజంగానే మర్చిపోయాడు.

అత్తగారు బెంచీ మీద చతికిలబడి, "ఇన్నిటికి ప్రాణం పోశావు, నా వంశానికి ఒక్క మొలక ఇవ్వలేకపోయావు" అంది. కోపం కూడా లేదు, నోటికి అలవాటైపోయిన మాట.

"ఇచ్చాను అత్తయ్యా. ఈ చెట్టు కింద ఉంది. నాలుగో నెలలో పోయింది. మీ అబ్బాయిని అడగండి."

యజమాని ఫోను చెవికి ఆనించుకుని పక్కకి తప్పుకున్నాడు.

"ఏంట్రా అది అంటోంది?"

"ఎప్పటి సంగతో అమ్మా. ఇప్పుడెందుకు?"

"అంటే నిజమేనా?"

ఆయన యజమాని వెళ్ళిన వైపు చూశాడు. ముసలావిడ తలొంచుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయింది. ఆవిడ తన చెయ్యి పట్టుకుంటుందేమోనని ఆమె ఒక్క క్షణం ఆశపడింది కూడా.

ఆవిడ తలెత్తింది. "మగపిల్లాడా?"

ఆమె గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. వెనక నుంచి ఎవరూ పిలవలేదు.

చెట్టు కొట్టేశారు. ఆ సంగతి, చెల్లెలి ఇంట్లో ఉన్న ఆమెకి ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన కూలీ మనిషి ఫోన్ చేసి చెప్పింది. చెప్పి కాస్త నసిగింది.

"సారు ఇంకో తోట ఒప్పుకున్నారక్కా. గోతులు మొదలెట్టాలి, మీరెప్పుడొస్తారో కనుక్కోమన్నారు."

"ఆయనకి రెండు చేతులూ బాగానే ఉన్నాయిగా," అంది ఆమె. "తవ్వుకోమను."