సగం నీలం

తొంభై ఆరు నవంబరు తుపాను వెళ్ళిపోయిన నాలుగో రోజున అమ్మిరాజు గడ్డిమేటు విప్పాడు. తణుకుకు ఆరు మైళ్ళ దూరంలో ఉన్న వాళ్ళ ఊళ్ళో ఆ వారమంతా అందరిదీ అదే పని. పై గడ్డి కుళ్ళిపోయినా అడుగునున్నదైనా పశువులకు దక్కుతుందని, తడిసిన గడ్డిని కర్రతో విదిల్చి ఎండలో పరిచాడు. లోపలి పొరల్లోంచి తెల్లని బూజు పొగలా లేచింది. సాయంత్రం దాకా అందులోనే ఉన్నాడు. పక్కనే అదే పని చేసిన పాలేరు చిట్టియ్యకు ఏమీ కాలేదు. అమ్మిరాజు మాత్రం పది రోజులు తిరక్కుండానే మంచాన పడ్డాడు. ఒళ్ళు కాలిపోయే జ్వరం, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం.

అప్పటికతనికి ఇరవై అయిదేళ్ళు. జబ్బు పడడం కొత్త కాదు. పన్నెండేళ్ళు నిండేలోపు మెడ మీద, చంకలో చీముగడ్డలు లేచి ఆరుసార్లు కత్తి పడింది. పంతొమ్మిదో ఏట కాలేయంలో గడ్డ లేస్తే బతకడనుకున్నారు. క్షయ అని మూడుసార్లు పూర్తి కోర్సు మందులు మింగించారు. అతనికి ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలూ అయిదేళ్ళు నిండకుండానే, ఇలాగే గడ్డలు లేచి, జ్వరాలొచ్చి పోయారు. తరవాత పుట్టిన చెల్లెలు వెంకటదుర్గకు మాత్రం ఎప్పుడూ పడిశం కూడా సరిగ్గా పట్టలేదు. తండ్రి రాజమౌళి అమ్మిరాజు ఇంటర్ చదువుతుండగా పోయాడు. అప్పటినుంచి ఆరెకరాల సాగూ అతనిదే.

రాజమండ్రిలో ఫోటో తీస్తే ఊపిరితిత్తుల నిండా తెల్లని మచ్చలు కనిపించాయి. మళ్ళీ క్షయ అనబోయారు గాని, ఒక పెద్ద డాక్టరుకి నమ్మకం కుదరక చీటీ రాసి మద్రాసు పంపించాడు. అక్కడ పరిశోధన చేస్తున్న హరిచందన అనే డాక్టరమ్మ అతన్ని చూసింది. ఆవిడది కాకినాడ. ఆవిడ తెలుగు వినగానే అమ్మిరాజుకు సగం భయం పోయింది.

జ్వరం రాకముందు ఏం పని చేశారని అడిగిన మొదటి డాక్టరు ఆవిడే. గడ్డి సంగతి చెప్తే రాసుకుంది. తరవాత వాళ్ళ ఇంట్లో ఎవరెవరు ఎప్పుడు పోయారో అడిగి, కాగితం మీద ఆడవాళ్ళకు గుండ్రాలూ మగవాళ్ళకు చదరాలూ గీసింది. పోయిన వాళ్ళ చదరాలను నల్లగా నింపింది. అన్నలిద్దరూ, ఊహ తెలియకుండానే పోయిన ఒక మేనమామా. ఆ పక్కన ఇంకా నింపని చదరం ఒకటుంది. అది తనదని అమ్మిరాజు ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాడు.

రెండు రోజుల తరవాత ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుక్కూర్చుని చెప్పింది.

"మన నెత్తురులో తెల్లకణాలని ఉంటాయండీ. క్రిమి లోపలికొస్తే అవి పట్టుకుని మింగుతాయి, మింగి చంపుతాయి. మీవి మింగుతాయి గానీ చంపలేవు. మందు కలిపి చూస్తే పనిచేసే కణం నీలంగా మారాలి. మీ దాంట్లో ఒక్కటీ మారలేదు. ఇది పుట్టుకతో వచ్చింది. ఇన్నేళ్ళు మీరు నెగ్గుకురావడమే ఆశ్చర్యం."

నెలన్నర అక్కడే ఉండి కోలుకున్నాడు. పంపేముందు ఆవిడ జాగ్రత్తలు చెప్పింది. రోజూ మాత్రలు వేసుకోవాలి, బతికినంతకాలం. తడిగడ్డి, పెంటపోగు, కుళ్ళిన ఆకు, చెరకు పిప్పి, వీటి ఛాయలకు వెళ్ళకూడదు.

"మాది వ్యవసాయమండీ," అన్నాడు అమ్మిరాజు. "ఇవి లేని చోటు మా ఊళ్ళో ఎక్కడుంటుందండీ?"

"ఊరు మారాలేమోనండీ," అంది ఆవిడ.

పొలం చిట్టియ్యకు కౌలుకిచ్చి అమ్మిరాజు కొవ్వూరు వెళ్ళిపోయాడు. ఎప్పుడో సెలవుల్లో నేర్చుకున్న టైపు అక్కరకొచ్చింది. బజారులో ఒక మేడ మీద పది యంత్రాలున్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేవాడిగా కుదిరాడు. పక్క గదిలోనే ఉండేవాడు. మెస్సు నుంచి క్యారేజీ వచ్చేది. ఉదయం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్ళీ నాలుగు నుంచి ఎనిమిది దాకా గదంతా టకటకలు. మధ్యాహ్నాలు మాత్రం గడిచేవి కావు. కిటికీలోంచి చూస్తే ఎవరి పనిమీద వాళ్ళు పోతుండేవారు. సార్వా కోతల రోజుల్లో గడ్డి వేసుకున్న ట్రాక్టర్లు ఆ రోడ్డునే వెళ్ళేవి. చప్పుడు వినగానే లేచి తలుపులు మూసేవాడు. మూసిన తరవాత కూడా ఆ వాసన ఎంత బావుంటుందో తలుచుకుంటూ కూర్చునేవాడు.

తల్లి అన్నపూర్ణమ్మ నెలకొక ఆదివారం వచ్చేది. రాగానే గదిలో అడుగుపెట్టకుండా కింద బాత్‌రూములో స్నానం చేసి, సంచిలో తెచ్చుకున్న ఉతికిన చీర కట్టుకుని పైకొచ్చేది. కోతలూ నూర్పులూ జరిగే రెండు నెలలూ అసలు వచ్చేది కాదు. నా ఒంటిమీద ఏం తెస్తానోరా అనేది. ఆ రెండు నెలలూ అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు కొవ్వూరులో ఎవరూ ఉండేవారు కాదు. పిల్లలందరికీ అతను మాస్టారు.

తొంభై తొమ్మిది జూలైలో హరిచందన నుంచి ఉత్తరం వచ్చింది. ఇలాంటి కుటుంబాలన్నిటినీ వరసగా చూస్తున్నామనీ, తల్లిగారి నెత్తురు చూడడం ముఖ్యమనీ రాసింది. తీసిన కొన్ని గంటల్లోనే చూడాలి కాబట్టి తనే రాజమండ్రి వస్తానంది. చెప్పిన రోజున తల్లీకొడుకులు బస్సులో వంతెన దాటి ల్యాబుకు వెళ్ళారు.

నెత్తురు తీసి, మందు కలిపి, గంట తరవాత డాక్టరమ్మ అన్నపూర్ణమ్మను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. ఎలా చూడాలో చూపించింది. నీలపు ముద్దల్లా ఉన్నవి పనిచేసే కణాలనీ, ఖాళీగా ఉన్నవి చెయ్యనివనీ, ఆవిడలో సగం సగం ఉన్నాయనీ చెప్పింది. అందుకే ఆవిడకు ఏ జబ్బూ లేదు. మగపిల్లలకు మాత్రం ఆ లోపం దిగితే పూర్తిగా దిగుతుంది.

అన్నపూర్ణమ్మ ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. తల ఎత్తి అడిగింది. "పాలల్లో ఏమన్నా ఉంటుందాండీ?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు.

"నా పాలల్లోనండీ."

అప్పుడు అన్నపూర్ణమ్మ చెప్పింది. రెండో పిల్లవాడు కూడా పోయాక అత్తగారు పాపాయమ్మ, నీ పాలు చెడ్డపాలు, వాటితోనే బిడ్డల్ని చంపుకున్నావు అంది. అమ్మిరాజు పుట్టినప్పుడు దగ్గర కూర్చుని ఆవుపాలు పట్టించింది. అన్నపూర్ణమ్మ గుడ్డ బిగించి కట్టుకునేది. నొప్పి ఆగకపోతే గిన్నెలోకి పిండి, పెరట్లో అరటిచెట్టు మొదట్లో పోసేది. దుర్గకు కూడా ఇవ్వలేదు. అత్తగారు పోయి పదిహేనేళ్ళయినా ఆ మాట నిజమనే అనుకుంటూ వచ్చింది.

"పాలకీ దీనికీ ఏ సంబంధం లేదమ్మా," అంది హరిచందన మెల్లగా.

"అయితే నేను ఇచ్చుండొచ్చన్నమాట," అంది అన్నపూర్ణమ్మ. ఏడవలేదు. చీర కొంగు సర్దుకుని బయట బల్ల మీద కూర్చుంది. తిరుగు ప్రయాణంలో వంతెన పొడుగునా గోదారి వంకే చూస్తూ కూర్చుంది. కొవ్వూరులో దిగాక మాత్రం కొడుకు మణికట్టు పట్టుకుంది. "నీకు ఒక్కసారీ ఇవ్వలేదురా," అంది.

ల్యాబులో ఉండగా డాక్టరమ్మ అతనితో విడిగా ఇంకో మాట చెప్పింది. చెల్లెలికి కూడా తల్లిలాగే ఉండడానికి సగం అవకాశం ఉంది. వెంకటదుర్గకు అప్పుడు నాలుగో నెల. మగపిల్లవాడు పుడితే, పరీక్ష అయ్యేదాకా బీసీజీ వేయించకూడదు. అందరికీ మేలుచేసే ఆ టీకాయే ఇలాంటి బిడ్డకు ప్రాణం మీదికి తెస్తుంది. ఈ మాట చెల్లెలికి తనంతట తాను వెళ్ళి చెప్పలేననీ, ఇంటివాళ్ళే చెప్పాలనీ అంది.

ఈ సంగతి చెప్తే అన్నపూర్ణమ్మ వద్దంది. వెంకటదుర్గను జంగారెడ్డిగూడెంలో పామాయిల్ తోటలున్నవాళ్ళకు ఇచ్చారు. అమ్మిరాజుది ఒట్టి ఆయాసమని చెప్పి చేసిన పెళ్ళి. ఇప్పుడిది బయటపడితే దాని కాపురం ఏమవుతుందో ఆలోచించమంది. అమ్మిరాజు పది రోజులు ఆలోచించాడు. ఉత్తరం రాస్తే ఇంకొకరు విప్పి చదవొచ్చు. ఒక గురువారం పొద్దున్న పాఠాలు ముగించి బస్సెక్కాడు.

అత్తింటివాళ్ళు మర్యాదగానే చూశారు. బావ ఉదయభాస్కర్ తోటకు వెళ్ళాడు. భోజనమయ్యాక వెంకటదుర్గ పెరటి అరుగు మీద కూర్చుని చేటలో జీడిపప్పు ఏరుతుంటే, అమ్మిరాజు పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె చేతులు ఆగిపోయాయి.

"నువ్వొచ్చినట్టు అమ్మకి తెలుసా?"

"తెలీదు. వద్దంది."

"అయితే నాకు పుట్టేవాడు నీలా ఉంటాడంటావు."

"ఉండొచ్చంటున్నానమ్మా. ఉండకపోవచ్చు కూడా. పుట్టగానే చూపించుకుంటే భయం లేదు. నాకు తెలిసేసరికి పాతికేళ్ళొచ్చాయి."

ఆమె అతని మెడమీది మచ్చల్ని చూసింది. చిన్నప్పుడు ఆ గడ్డలకు పసుపు అద్దింది ఆమే.

"ఇంక ఇక్కడికి రాకన్నయ్యా," అంది. "నిన్ను చూస్తుంటే నాకు భయమేస్తోంది."

అతను డాక్టరమ్మ ఫోను నంబరు రాసిన కాగితం చేట అంచున పెట్టి లేచాడు. ఆమె తీసుకుందో లేదో వెనక్కి తిరిగి చూడలేదు. బస్టాండులో రెండు బస్సులు వెళ్ళిపోయినా ఎక్కకుండా కూర్చున్నాడు.

ఆగస్టులో తల్లి రాలేదు. సెప్టెంబరులోనూ రాలేదు. తను వెళ్ళొచ్చిన సంగతి తెలిసే ఉంటుందనుకున్నాడు. అక్టోబరులో పనిమీద కొవ్వూరొచ్చిన చిట్టియ్య, చెల్లాయమ్మగారిని పురిటికి తీసుకొచ్చారండీ అని చెప్పి వెళ్ళాడు. డిసెంబరు వచ్చింది. ఊళ్ళో నూర్పులు. అతను వెళ్ళడానికి వీల్లేదు, రమ్మన్నవాళ్ళూ లేరు. పొద్దున్నే మాత్రలు చేతిలో వేసుకున్నప్పుడల్లా, ఈపాటికి ఏ నర్సో సూది పట్టుకుని నిలబడి ఉంటుందేమో అనుకునేవాడు.

జనవరిలో ఒక సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ ఫోను మోగింది. హరిచందన.

"మీకు చెప్పమని దుర్గగారే అన్నారు, అందుకే చేస్తున్నాను. బాబు పుట్టి మూడు వారాలైంది. తణుకులో టీకా వెయ్యబోతే ఆవిడ వద్దని ఆపించారట, కారణం ఎవరికీ చెప్పలేదట. తరవాత నాకు ఫోన్ చేశారు. నిన్న రాజమండ్రిలో చూశానండీ. బాబువి అన్నీ నీలమే. ఏ లోపం లేదు. టీకా కూడా వేయించేశారు."

"మరి దుర్గకండీ?"

"అది ఆవిడే చెప్తానన్నారు."

ఫోను పెట్టేసి అమ్మిరాజు వెనక్కి తిరిగాడు. యంత్రాల ముందు ఎనిమిదిమంది పిల్లలు తలొంచుకుని కొడుతున్నారు. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇన్‌స్టిట్యూట్ యజమాని శివరామకృష్ణగారు మూల బల్ల దగ్గర పేపరు చూస్తున్నారు. వెళ్ళి, మా చెల్లెలికి కొడుకు పుట్టాడండీ అన్నాడు. ఆయన సంతోషించి ఎప్పుడని అడిగారు. మూడు వారాలైందండీ అన్నాడు. ఆయన కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా పేపరులోకి తల దించేశారు.

ఫిబ్రవరిలో తల్లి మళ్ళీ రావడం మొదలుపెట్టింది. బాబు పాలు బాగా తాగుతున్నాడంది, ఒళ్ళు చేశాడంది. జంగారెడ్డిగూడెం ప్రయాణం గురించి అడగలేదు, అతనూ ఎత్తలేదు.

ఏప్రిల్లో వెంకటదుర్గను అత్తింటికి పంపారు. ఒక మధ్యాహ్నం మెట్ల మీద గాజుల చప్పుడు వినిపించి అమ్మిరాజు తలుపు తీస్తే, బిడ్డనెత్తుకుని ఎదురుగా ఉంది. కారు కింద ఉందనీ, ఆయన గోష్పాద రేవులో స్నానానికి వెళ్ళారనీ, అరగంటలో బయల్దేరాలనీ చెప్పింది. గదంతా కలయజూసింది. ఒక మంచం, ఒక కుర్చీ, మాత్రల డబ్బా.

"నాక్కూడా అమ్మలాగే," అంది. "సగం సగం."

"బావగారికి చెప్పావా?"

"లేదు. బాబుకి కామెర్లేమో చూపించాలని చెప్పి రాజమండ్రి తీసుకెళ్ళాను. మళ్ళీ నెల తప్పితే అప్పుడు చెప్తాను."

"ముందే చెప్పెయ్యి దుర్గా."

"నీకేం, చెప్పేస్తావు," అంది. వెంటనే కళ్ళు దించుకుంది. "ఆ రోజు పెరట్లో అన్నమాట..."

"ఇప్పుడెందుకమ్మా అది."

అతను మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చి చేతులు చాచాడు. ఒక్క క్షణం ఆమె కదల్లేదు. తరవాత బిడ్డను జాగ్రత్తగా అతని చేతుల్లో పెట్టింది. నాలుగు నెలల పిల్లవాడు, బరువుగా ఉన్నాడు. అతని చొక్కా గుండీ పట్టుకుని గట్టిగా లాగాడు. అమ్మిరాజు వాడి నెత్తురు గురించి ఆలోచించలేదు. వాడి ముక్కు తన తండ్రి ముక్కులా ఉందనిపించింది. ఆ మాట చెప్తే వెంకటదుర్గ అవునంది.

కింద హారను మోగింది. ఆమె బిడ్డను తీసుకుని, గడపలో ఆగి, ఉత్తరాలు మాత్రం రాయొద్దని, తనే ఎప్పుడైనా ఫోన్ చేస్తానని చెప్పింది. అతను సరేనన్నాడు. మెట్లు దిగాక పైకి చూస్తుందేమోనని కిటికీ దగ్గర నిలబడ్డాడు. బావ కారు పక్కన నిలబడి మర్యాదగా చెయ్యి ఊపాడు. వెంకటదుర్గ అప్పటికే లోపల కూర్చుని బిడ్డకు ఎండ తగలకుండా కొంగు కప్పుతోంది.

కారు బజారు మలుపు తిరిగింది. నాలుగింటి బ్యాచికి ఇంకా ముప్పావుగంట ఉంది. అమ్మిరాజు పక్క గదిలోకి వెళ్ళి యంత్రాల మీది గుడ్డలు ఒక్కొక్కటే తీసి మడతపెట్టడం మొదలుపెట్టాడు.