అద్దాల మేస్త్రి సొంత వైద్యం

అద్దాలు కోసే దుకాణంలో చేతికి గాయం కావడం వింత కాదు. గాజు గీసుకుంటే అక్కడి పనివాళ్ళు ఓ గుడ్డపేలిక చుట్టుకుని మళ్ళీ పనిలో పడతారు. అలా పడలేనివాణ్ణి చూసి నవ్వుతారు. ఆ నవ్వు ఒక మనిషిని ఎంతవరకు తీసుకెళ్ళిందో చెప్పడానికే ఈ కథ.

ఆ దుకాణంలో మేస్త్రిది అందెవేసిన చెయ్యి. నిలువెత్తు పలకను బల్ల మీద పరిచి, కత్తితో ఒక్క గీత గీసి, అంచు మీద వేళ్ళతో తట్టాడంటే సరిగ్గా గీత వెంబడే విడిపోయేది. చేతి తొడుగులు వేసుకోమంటే, వేలికి గాజు తగలకపోతే పని ఎలా తెలుస్తుందనేవాడు. కొన్నేళ్ళ కిందట ఆయన గుండెలో పాడైన కవాటం తీసి లోహపు కవాటం అమర్చారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం ఒక మాత్ర వేసుకోవాలనీ, నెలనెలా రక్తపరీక్ష చేయించుకోవాలనీ, ఫలితాన్ని బట్టి మోతాదు తామే మారుస్తామనీ డాక్టరు చెప్పాడు. మొదట్లో మేస్త్రి ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాడు.

ఒకనాడు నిలువుటద్దం కోస్తుంటే బొటనవేలు తెగింది. గుడ్డ మీద గుడ్డ చుట్టినా రక్తం ఆగలేదు. అద్దమంతా ఎర్రబడింది. దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చినావిడ మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. యజమాని తిట్టలేదు గానీ, “ఆ కుళాయి ఎవరైనా కట్టండ్రా” అన్నాడు. అప్పటినుంచి ఆయన కుళాయి మేస్త్రి అయిపోయాడు. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు సైతం అలా పిలుస్తుంటే ఆయనకు తల కొట్టేసినట్టయింది.

రక్తం ఆగకపోవడం ఆ మాత్ర వల్లేనని ఇక సొంత వైద్యం మొదలుపెట్టాడు. పెద్ద అద్దాల పని ఉన్న రోజుల్లో మాత్ర మానేయడం, సెలవునాడు రెండు కలిపి మింగడం. చిన్న చిన్న గాయాలు ఇట్టే ఆరిపోసాగాయి. “ఇప్పుడు మనుషుల్లో పడ్డావు” అని తోటివాళ్ళు వీపు తట్టారు. మాత్రలు మిగిలిపోతున్నాయేమిటని భార్య అడిగితే, అన్నీ సెలవునాడు సరిపెడుతున్నానని సర్దిచెప్పాడు. పరీక్షకు వెళితే గుట్టు రట్టవుతుంది. అంతకుముందు ఒకసారి ఆలస్యంగా వెళ్ళినందుకే డాక్టరు నలుగురి ముందూ చీవాట్లు పెట్టాడు. అందుకని పరీక్ష ఈ నెల కాదు, వచ్చే నెల అంటూ వాయిదా పడీ పడీ చివరికి ఆగిపోయింది. భార్య కూడా గట్టిగా పట్టుబట్టలేదు. మనిషి నిక్షేపంలా ఉన్నాడు, పనిచేసే చోట నవ్వులపాలు కావడం లేదు, అది చాలనుకుంది.

ఆ తరువాత ఒక కొత్త బట్టల కొట్టుకు ముందువైపు అద్దాలన్నీ అమర్చే పని వచ్చింది. రోజూ పెద్ద పలకలే. మేస్త్రి మాత్రల డబ్బా జోలికే పోలేదు. ఒక ఉదయం ఇద్దరు కలిసి పలక ఎత్తుతుంటే ఆయన వైపు పట్టు జారి, గాజు భళ్ళున పగిలింది. అందరూ పరుగెత్తుకొచ్చి ముందుగా ఆయన చేతులు తిప్పి తిప్పి చూశారు. చుక్క నెత్తురు లేదు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నారు. మేస్త్రి ఏదో చెప్పబోయాడు. మాట ముద్దగా వచ్చింది. కొనడానికి వచ్చేవాళ్ళ గొంతులు అనుకరించి నవ్వించే అలవాటు ఆయనకుంది కాబట్టి, ఇదీ వేళాకోళమే అనుకుని ఒకరిద్దరు నవ్వారు. మూతి ఓ పక్కకు లాగేయడం చూశాక ఆ నవ్వు ఆగింది.

అప్పుడైనా ఆసుపత్రికి తీసుకెళ్ళారా అంటే, లేదు. కళ్ళు తిరిగాయేమో, కాసేపు పడుకుంటే సర్దుకుంటుందని చాప వేసి పడుకోబెట్టారు. భార్యకు కబురంది, ఆమె వచ్చి ఆసుపత్రికి చేర్చేసరికి మధ్యాహ్నం దాటింది.

కవాటం మీద కట్టిన గడ్డ మెదడుకు చేరి రక్తనాళాన్ని మూసేసిందని ఆసుపత్రిలో చెప్పారు. వెంటనే తీసుకొచ్చి ఉంటే కొంతైనా ప్రయత్నించేవాళ్ళమన్నారు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, మాట మాత్రం పోయాయి.

గుండె డాక్టరు వచ్చి, ఆఖరి పరీక్ష ఎప్పుడు చేయించారని అడిగాడు. భార్య ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది.

“ఆ మాత్ర తగ్గితే గడ్డ కడుతుందమ్మా. ఎక్కువైతే లోపలెక్కడో రక్తం కారుతుంది. ఇవాళ మానేసి ఎల్లుండి రెండు వేసుకుంటే సరిపోయేది కాదు. రక్తం ఆగడం లేదని ఒక్కమాట నాతో చెప్పి ఉంటే పరీక్ష చేసి మోతాదు చూసేవాణ్ణి కదా.”

“మీరు తిడతారని భయపడ్డారండీ.”

ఆ రోజు తాను అలా అరిచి ఉండాల్సింది కాదన్నాడు డాక్టరు. ఆ మాట వల్ల ఇప్పుడు ఎవరికీ ఒరిగేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

మేస్త్రిని ఇంటికి తెచ్చాక యజమాని చూడ్డానికి వచ్చాడు. మంచం పక్కన కూర్చున్నాడు. మేస్త్రి ఆయనకేదో చెప్పాలని పెనుగులాడాడు. గొంతులోంచి మూలుగు తప్ప ఏమీ రాలేదు. వెళ్ళబోతూ యజమాని గుమ్మం దగ్గర ఆగాడు. తన తల్లికి కాలి సిరలో గడ్డ కట్టిందట. ఆవిడ కూడా అదే మాత్ర వేసుకుంటోందట.

“పరీక్షకు తీసుకెళ్ళి చాలా నెలలైందమ్మా. ఒంట్లో బాగానే ఉంది కదా అని ఊరుకున్నాను.”

భార్య భర్త మూతి తుడిచి, చెంగు దులుపుకుని లేచింది.

“రేపు పొద్దున్నే తీసుకెళ్ళండన్నా. డాక్టరుతో ఏదీ దాచకండి, ఆయన చెప్పకుండా మాత్ర పెంచకండి, మానకండి. ఆ రక్తం ఎలా ఉందో పరీక్షకు తప్ప ఎవరికీ తెలియదు. బాగానే ఉందని మాత్రం అనకండి. ఆ రోజు పొద్దున ఈయనకీ బాగానే ఉంది.”