పదకొండు గొళ్ళేలు

మా పనిలో డ్రిల్లు మిషను నడిపేవాడి ముందరి పళ్ళు రెండూ ఊడగొట్టింది నేనే. ఆస్పత్రి వరండాలో, నా కొడుకు శవం ఇంకా లోపలే ఉండగా కొట్టాను. వాడు తల వంచుకుని నా దగ్గరకొచ్చి, "మేస్త్రీ, నాకు అరుపు..." అన్నాడు. మాట పూర్తి కానివ్వలేదు. మొదటి దెబ్బకి పెదవి చిట్లింది. రెండో దెబ్బకి వెల్లకిలా పడ్డాడు. పడ్డాక మీద కూర్చుని ఇంకా కొట్టాను. మా బావమరిది, ఇద్దరు వార్డు బాయ్‌లు కలిసి లాగితే గానీ లేవలేదు. నా పిడికిట్లో వాడి పన్ను ముక్క దిగబడి ఉంటే ఓ నర్సమ్మ పీకి కట్టు కట్టింది. కడుపుకోత పాపం, అని అందరూ నన్నే జాలిగా చూశారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దానికి తగ్గ పనే దొరికింది. పాత కట్టడాలు కూలుస్తాం మేము. ఇళ్ళు, గోడౌన్లు, ఓసారి జైలు గోడ కూడా కూల్చాం. ముప్ఫై ఏళ్ళుగా పొద్దున లేస్తే సమ్మెట పట్టుకోవడమే. ఇంటికొచ్చాక కూడా ఆ చెయ్యి ఊరికే ఉండేది కాదు.

మావాడు మూడేళ్ళప్పుడు నా సమ్మెట ఎత్తబోయి నా కాలి మీదే పడేశాడు. బొటనవేలి గోరు ఊడింది. వీపు మీద ఒక్కటిచ్చాను. ఏడవలేదు వెధవ. పోయి సమ్మెటని తన్నాడు. కాలు నొప్పి పుట్టాక అప్పుడు ఏడ్చాడు. ఆ సంగతి చెప్పుకుని మా ఆవిడా నేనూ ఏళ్ళ తరబడి నవ్వుకున్నాం.

ఎనిమిదేళ్ళకి బళ్ళో ఒకడి ముక్కు పగలగొట్టాడు. వాడు మా పనిని వెక్కిరించాడట. ఇంటికి రాగానే బెల్టు తెగేదాకా కొట్టాను. ఆ సాయంత్రమే వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ పిల్లాడి తండ్రిని వాళ్ళ గుమ్మంలోనే చావబాదాను. వాళ్ళావిడ అడ్డం పడి ఏడుస్తుంటే మావాడు మెట్ల మీద నిలబడి చూశాడు, చూసి నవ్వాడు. వీడు నా కొడుకే అనుకుని పొంగిపోయాను నేను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పదిహేడేళ్ళకి నాతో పనిలోకి వచ్చాడు. గోడకి అరచెయ్యి ఆనించి, ఇంకో చేత్తో చిన్న సుత్తితో తట్టి, లోపల ఇనుప కడ్డీ ఎక్కడుందో చెప్పేసేవాడు. నాకు అది రావడానికి పదేళ్ళు పట్టింది. పైకి ఏనాడూ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే నెత్తికెక్కుతాడని.

వాడికో పిచ్చి ఉండేది. ఏ కట్టడం కూల్చినా అందులోంచి ఒక తలుపు గొళ్ళెం ఊడదీసి ఇంటికి తెచ్చేవాడు. తుప్పు గీకి, నూనె పెట్టి, తన గది తలుపుకి లోపలివైపు బిగించుకునేవాడు. అలా పదకొండు. ఇత్తడివి, ఇనపవి, ఒకటైతే మూరెడు పొడవు. దొంగ లోపల చిక్కుకున్నా అవన్నీ తీసేలోపు విసుగొచ్చి నిద్రపోతాడు అనేది మా ఆవిడ.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. పైన ఉన్నవాడు సమ్మెట ఎత్తినా, ముక్క కిందికి తోసినా ముందుగా "పక్కకి!" అని అరవాలి. ఆ అరుపు వినగానే డ్రిల్లు మిషను ఆగిపోవాలి. కింద ఉన్నవాళ్ళు "జరిగాం!" అనాలి. ఆ జవాబు వస్తేనే దెబ్బ. డ్రిల్లు వాడు చెవులకి గుడ్డలు కుక్కుకుంటాడు, అయినా మిషను హోరులో కూడా ఆ అరుపు ఒక్కటి వాడికి వినపడుతుంది. అందుకే మా గొంతులన్నీ బండబారి ఉంటాయి. చిన్న మాట చెప్పినా పోట్లాడుతున్నామనుకుంటారు బయటివాళ్ళు.

మూతబడ్డ సినిమా హాలు ఒకటి ఒప్పుకున్నాం. మూడో రోజున బాల్కనీ కింద నిలబడి, ఎటువైపు నుంచి మొదలెట్టాలో చెబుతున్నాను. మావాడు అడ్డొచ్చాడు. అటువైపు కడ్డీలు తుప్పు తినేసి ఉన్నాయి, అట్నుంచి కొడితే మొత్తం ఒకేసారి కూలుతుంది అన్నాడు. వాడు చెప్పిందే సరి. సరి కాబట్టే నాకు ఒళ్ళు మండింది. పదిమంది కూలీల ముందు చెంప పగలగొట్టాను. ఇంకోటి కొట్టబోతే మణికట్టు పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళవాడు. ఎంత గింజుకున్నా నా చెయ్యి కదల్లేదు.

"ఇంకోసారి కొడితే బావుండదు నాన్నా," అన్నాడు మెల్లిగా.

ఎవడో కిసుక్కుమన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి వాడు గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఒకటి తర్వాత ఒకటి పదకొండు గొళ్ళేలూ పెట్టుకున్నాడు. ఒక్కొక్కటీ నాకు వినపడాలనే పెట్టాడు. వాడంతట వాడు వచ్చి పలకరిస్తే తప్ప వీడితో మాట్లాడేది లేదని నేనూ పంతం పట్టాను. అలా నాలుగు రోజులు. ఒకే పనిలో, ఒకే ఇంట్లో. మధ్యలో మా ఆవిడ అటూ ఇటూ మాటలు మోసింది.

ఆ పంతం నాలుగో రోజున నేను బాల్కనీ మీదున్నాను. పిట్టగోడ ముక్క ఒకటి, రెండు బస్తాల బరువుంటుంది, గునపంతో కదిల్చి అంచుకి తెచ్చాను. సరిగ్గా దాని కింద ఉన్నది మావాడొక్కడే అని తెలుసు. అరవాలి. అరిస్తే ముందు నేనే పలకరించినట్టవుతుంది. నోరు తెరవబుద్ధి కాలేదు. అరిచే బదులు గునపంతో గచ్చు మీద మూడుసార్లు కొట్టాను. డ్రిల్లు మోత ఆగలేదు. ఆపడానికి వాడికి ఎవడు చెప్పాడు గనక? విని ఉంటాడులే, జరిగి ఉంటాడులే అనుకుని ముక్కని కాలితో తోసేశాను.

దుమ్ము అణిగాక చూస్తే ఒక కాలు కనపడింది. బూటు లేదు. నేను దిగేసరికి కూలీలు ముక్కని పక్కకి దొర్లించారు. తల ఉండాల్సినట్టు లేదు. బయటికి పోయే తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గొళ్ళెం ఊడదీస్తున్నాడట. అది వాడి గుప్పిట్లోనే ఉంది. పన్నెండోది.

అరిచాను, డ్రిల్లు వాడు మిషను ఆపలేదు, అందుకే మావాడికి వినపడలేదు అని అందరికీ చెప్పాను. మా ఆవిడకి కూడా అదే చెప్పాను. ఆస్పత్రి వరండాలో డ్రిల్లు వాడు చెప్పబోయింది నిజం. ఆ నిజాన్ని వాడి నోట్లోకే తిరగగొట్టాను.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మా బావమరిది వచ్చి పని దగ్గరికి రమ్మన్నాడు. మా ఆవిడ అప్పటికే చెప్పులేసుకుని సిద్ధంగా ఉంది. అక్కాతమ్ముళ్ళు ముందే మాట్లాడుకున్నారని దార్లో తెలిసింది. హాలు ముందుభాగంలో, టికెట్లు ఇచ్చే కిటికీ దగ్గర, ఇద్దరు కూలీలు డ్రిల్లు వాణ్ణి పట్టుకుని ఉన్నారు. అప్పటికే బాగా కొట్టినట్టున్నారు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, చొక్కా ముందంతా నెత్తురు. కుడిచెయ్యి లాగి కిటికీ రాతి గట్టు మీద పెట్టి అదిమి పట్టారు. మా బావమరిది సమ్మెట తెచ్చి నా చేతికిచ్చాడు.

"నీ కొడుకు. నువ్వే కొట్టాలి బావా."

డ్రిల్లు వాడికి ఇద్దరు ఆడపిల్లలు. ఆ చెయ్యి పోతే మళ్ళీ మిషను పట్టలేడు. అది నాకు తెలుసు, మా ఆవిడకీ తెలుసు.

వాడు గింజుకోలేదు. మా ఆవిడ వైపే చూస్తూ, "అరుపు వినపడితే ఆపేవాణ్ణి అక్కా. మేస్త్రీ అరిచానంటున్నాడు కాబట్టి అరిచే ఉంటాడు. నా చెవులే మోసం చేశాయేమో," అన్నాడు. పళ్ళు లేక మాటల్లో గాలి పోతోంది.

నా మాటకి అంత విలువిచ్చినవాణ్ణి నేను జీవితంలో ఇంకొకణ్ణి చూళ్ళేదు. ఇక్కడే చెప్పేయొచ్చు. ఎలా చెప్పను? ఇంతమంది ముందు, అందులోనూ ఆవిడ ముందు.

"ఏ చేత్తో మిషను ఆపలేదో ఆ చెయ్యి," అంది మా ఆవిడ. "కొట్టు."

కొట్టేద్దామనే అనుకున్నాను. ఒక్క దెబ్బ. వాడి చేతితో పాటు ఆ సంగతి కూడా అక్కడితో నలిగిపోతుంది. సమ్మెట భుజం మీదుగా ఎత్తాను.

"పక్కకి!"

నేను అనుకుని అరిచింది కాదు. ముప్ఫై ఏళ్ళుగా సమ్మెట ఎత్తితే నా నోటికి తెలిసింది అదొక్కటే. హాలు లోపల ఎక్కడో నడుస్తున్న ఇంకో డ్రిల్లు టక్కున ఆగిపోయింది. చెత్త మోస్తున్నవాళ్ళు, మమ్మల్ని చూడనైనా చూడనివాళ్ళు, "జరిగాం!" అని కేకేశారు. వాణ్ణి పట్టుకున్న ఇద్దరూ అలవాటు కొద్దీ వదిలేసి రెండడుగులు వెనక్కి జరిగారు. డ్రిల్లు వాడు చెయ్యి లాక్కుని గోడకి అతుక్కుపోయాడు.

సమ్మెట నా భుజం మీదే ఉంది. మా ఆవిడ లోపలి వైపు చూసింది, డ్రిల్లు ఆగిన వైపు. తర్వాత నన్ను చూసింది.

"ఆ రోజు ఇలాగే అరిచావా?"

"లేదు."

"అసలు అరిచావా?"

"లేదు. ముందు నేను మాట్లాడినట్టవుతుందని అరవలేదు. మూడుసార్లు గునపంతో తట్టాను."

మా బావమరిది నా కాలర్ పట్టుకుని మొహం మీద గుద్దాడు. ముక్కులోంచి నెత్తురు కారింది. ఆవిడ తమ్ముణ్ణి పక్కకి నెట్టి, సమ్మెట నా దగ్గర్నుంచి తీసుకుంది. ఎవరూ నన్ను పట్టుకోలేదు. నా కుడిచెయ్యి నేనే తీసి ఆ గట్టు మీద పెట్టాను, మావాడి చెంప పగలగొట్టిన చెయ్యి. ఆవిడ ఎప్పుడూ సమ్మెట పట్టిన మనిషి కాదు. రెండు చేతులా ఎత్తింది. "పక్కకి!" అనలేదు. మొదటి దెబ్బ వేళ్ళ మీద పడింది, రెండోది మణికట్టు మీద. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినపడింది. మూడోది ఎత్తి, కొట్టకుండా కింద పడేసి, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. మావాడు పోయాక ఆవిడ నా ఎదుట ఏడవడం అదే మొదలు.

ఆ వేళ్ళు ఇప్పుడు ముడుచుకోవు. పని మానేశాను. డ్రిల్లు వాడే మేస్త్రీ అయ్యాడని విన్నాను. నా కొడుకుని చంపి డ్రిల్లు వాడి చెయ్యి విరగ్గొట్టబోయానని మా వీధిలో అందరికీ తెలుసు. తెలియాల్సిందే. ఆవిడ నన్ను వదిలిపోతుందనుకున్నాను. పోలేదు. క్షమించనూ లేదు. రోజూ పొద్దున నా చొక్కా గుండీలు పెడుతుంది. పెడుతూ, పనిలో మనవాడి గురించి నాకు తెలియనిది ఒకటి చెప్పు, అంటుంది. అంతకు మించి నాతో మాటల్లేవు.

చెబుతాను. జైలు గోడ కూల్చినప్పుడు ఒక గదిలో పడుకుని చూశాడని. ఎత్తు మీద నిలబడితే ఈల వేసేవాడని. కూర నచ్చితే నా అన్నం డబ్బాలోది కూడా నాకు తెలియకుండా సగం తన దాంట్లోకి వేసుకునేవాడని. నాకు తెలుసని, తెలియనట్టు ఉండేవాణ్ణని. ఆవిడ వింటుంది, పై గుండీ పెట్టేసి వెళ్ళిపోతుంది. అలా చెప్పుకుంటూ చెప్పుకుంటూ మూడేళ్ళ పని మొత్తం అయిపోయింది.

ఇవాళ పొద్దున, కింది గుండీ దగ్గర ఆగి అడిగింది.

"ఆ నాలుగు రోజులూ పనిలో ఎలా ఉన్నాడు? తిన్నాడా? నవ్వాడా?"

చాలాసేపు వెతుక్కున్నాను. ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

"ఇంట్లో గొళ్ళేలు పెట్టుకుంటుంటే విన్నాను," అన్నాను. "వాడి మొహం చూడలేదు."