మేనరికం బొమికలు

గున్నయ్య రోడ్డు పక్క గుంతలోకి దిగి, నిలువెత్తు ఇనప తాళాన్ని వాల్వు తలకు తగిలించి, ఒంటి బరువంతా వేసి తిప్పాడు. గొట్టం గుర్రుమంది. వీధి కొళాయి దగ్గర బిందెలు ఒకదాన్నొకటి తోసుకోవడం మొదలైంది. రాయగడ మునిసిపాలిటీలో చేరిన నాటినుంచీ అతని పని ఇదే. నీళ్లొస్తే గున్నయ్య ఎవరికీ గుర్తుండడు. రాకపోతే మాత్రం అతని ఏడు తరాలూ అందరి నోళ్లలో నానుతాయి.

ఈరోజు అతని బెంగ కూడా ఆ తరాల గురించే.

సిక్కోలు పక్కనుంచి వచ్చిన కుటుంబం. సొంత అప్ప ఎర్రమ్మ కూతురు భారతినే పెళ్లాడాడు. వాళ్లలో అప్పంటే అక్క. ఎనిమిదో ఏట వాళ్ల కూతురు లిప్సకు చక్కెర జబ్బు పట్టుకుంది. రోజూ ఇన్సులిన్ సూది పడితే తప్ప నిలవని రకం. "మేనకోడల్ని చేసుకుంటే ఇంతే మరి" అన్నారు తోటి ఒడియా పనివాళ్లు. వాళ్లకు ఆ వరస కూడదు. ఆ మాట గున్నయ్యలో ముల్లులా దిగిపోయింది. పైగా ఎర్రమ్మ నడుం వంగిపోయింది, వాకిట్లో జారితే తుంటి విరిగింది. ఆర్నెల్ల కిందట లిప్స స్నేహితురాలి సైకిలెక్కి పడితే మణికట్టు బీటవేసింది. ఇంకేముంది, అప్ప గుల్ల బొమికలు భారతినుంచి ఒకసారి, తోబుట్టువైన తననుంచి ఒకసారి పిల్లలోకి దిగాయని గున్నయ్య తేల్చేసుకున్నాడు. లిప్సకు గుణుపురం కాలేజీలో సీటొచ్చినా, ఎముకల పరీక్ష బాగుంటేనే పంపుతానని భీష్మించుకు కూర్చున్నాడు.

మధ్యాహ్నం నీళ్లు కట్టేసి, కాళ్లు కడుక్కుని, కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. కాయలు కాసిన అరచేతులు చొక్కాకి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

డాక్టర్ సుభశ్రీ విశాఖలో తీయించిన స్కాను చూసి ఒడియాలో చెప్పింది. "ఈ వయసుకు ఉండాల్సినంత గట్టిగానే ఉన్నాయి."

గున్నయ్య నమ్మలేదు. మేనరికం సంగతీ, అప్ప నడుం సంగతీ ఏకరువు పెట్టాడు.

"ఎముక బలం చాలావరకు పుట్టుకతో వచ్చేదే. కానీ ఒక మనిషినుంచి మూటలా దిగిపోదు. వంశంలో ఎందరివో చిన్నచిన్న పాళ్లు కలుస్తాయి. మేనరికంలో కొన్ని జబ్బులు రావచ్చుగానీ, పిల్ల చక్కెర జబ్బుకు అదే కారణమని చెప్పడానికి లేదు. ఆ జబ్బులో ఎముక తగ్గే భయం ఉంది, నిజమే. అందుకని సూది మానకూడదు, బాగా నడవాలి, బరువులెత్తాలి. మీరు కూర్చోబెడితేనే నష్టం."

"ఇన్నావా నాన్నా?" అంది లిప్స.

గున్నయ్య అప్పుడు కూర్చున్నాడు. ఇన్నేళ్లూ గుండెమీదున్న బండ దిగిపోయినట్టయింది.

ఇంటికి రాగానే మంచంమీంచే ఎర్రమ్మ అడిగింది. "ఏటన్నారు? నా బొమికలు రాలేదు గదా అమ్మికి?"

"రాలేదప్పా."

"ఎలాగొస్తాయిరా? నా నడుం మా అయ్య ఇచ్చింది కాదు, మేస్త్రీ ఇచ్చింది. కంకర తట్టలు మోసి మోసి ఇలాగైపోనాను. నన్నడిగితే ముందే సెప్పీదాన్ని."

ఆమెతోపాటు భారతి కూడా పడీపడీ నవ్వింది. ఆ ఇంట్లో బొమికల మాటకు నవ్వడం అదే మొదలు.

సాయంత్రం బస్టాండులో లిప్స తన సంచి తనే ఎత్తి గుణుపురం బస్సులో పెట్టుకుంది. ముందుకు చాచిన చెయ్యి గున్నయ్య వెనక్కి తీసుకున్నాడు. అయినా మనసాగక, చంకలో దాచి తెచ్చిన బూరుగుదూది తలగడ కిటికీలోంచి అందించబోయాడు.

"గుణుపురం రోడ్డు గతుకులే అమ్మీ. కింద ఏసుకో."

"డాక్టరమ్మ సెప్పింది ఇన్లేదేటి? నువ్వే ఏసుకో నాన్నా. పొద్దస్తమానం ఆ తాళం తిప్పి నడుం అరగదీసుకునీది నువ్వు కదా!"

బస్సు కదిలింది. గున్నయ్య కళ్లు నిండాయి. భయం లేకుండా కూతురి కోసం ఏడవడం ఇంత హాయిగా ఉంటుందని అతనికి ఇప్పుడే తెలిసింది. బస్సు మలుపు తిరిగాక బెంచీమీద కూలబడ్డాడు. పక్కన పూల గలీబు తొడిగిన తలగడ, ఎవరూ కూర్చోక, ఉబ్బుగా అలాగే ఉంది.