చిన్నకోడలి సంతకం

మా పెదనాన్నకు రెండు కళ్లూ బాగానే కనిపిస్తాయి. చూడ్డమే చేతకాదు.

మా వంశానికి ఆస్తి అంటూ మిగిలింది ఒక్కటే, ఫ్రెంచివాళ్ల బంగారు నాణెం. ఒకవైపు కోడిపుంజు, ఇంకోవైపు ఒక ఆడమనిషి ముఖం. ముత్తాత ఓడలో వంట చేసేవాడట. ఆయన వండింది తిని కూడా బతికి బయటపడ్డ కెప్టెన్ ఎవరో ఆ సంతోషంలో ఇచ్చి ఉంటాడు. పెదనాన్న నోట్లో పడ్డాక ముత్తాతకు వరసగా ప్రమోషన్లు వచ్చాయి. నా చిన్నప్పుడు వంటవాడు, నేను కాలేజీకి వచ్చేసరికి ఓడ మేనేజరు. ఇంకో పదేళ్లు ఆగితే ఓడే మాదంటాడు.

కొత్తగా వచ్చిన కోడలి అరచేతిలో ఆ నాణెం పెట్టి, ఒక్క నిమిషం ఉంచి, తీసేసుకోవడం మా ఇంటి పద్ధతి. ఇవ్వడం కాదు, చూపించి లాక్కోవడం. మావాళ్ల ఉదారత అంతవరకే. పెద్దమ్మ వంతు సాఫీగా అయిపోయింది. అమ్మ వంతు వచ్చినప్పుడు చెయ్యి జారి నాణెం గచ్చు మీద పడింది. పెదనాన్న వంగి తీసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దాన్ని సరిగ్గా చూశాడు. కోడిపుంజు జుట్టు దగ్గర్నుంచి అంచు దాకా సన్నటి గీత.

"వచ్చిన రోజే గీత పెట్టింది, చూశారా!" అన్నాడట.

"ముందు నుంచీ ఉందేమో చూడండి బావగారూ," అందట అమ్మ.

ముప్పై ఏళ్లుగా ఆ మాట అంటూనే ఉంది. విన్నవాళ్లు లేరు. నాణెం అద్దం మూత ఉన్న పెట్టెలోకి వెళ్లిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా పెదనాన్న ఆ పెట్టె తెచ్చి, గీత మీద వేలు చూపించి, "ఇది మా చిన్నకోడలి సంతకం," అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నాన్న కూడా. అది తలుచుకుంటే నాకు పెదనాన్న మీద కంటే నాన్న మీదే ఎక్కువ ఒళ్లు మండుతుంది. అమ్మ ఖాళీ కప్పులు ఏరుకుని లోపలికి వెళ్లిపోయేది. ఆమెకు ఆ నాణెం అక్కర్లేదు. 'అది నీ తప్పు కాదు' అన్న ఒక్క మాట, ఆ నవ్విన మనుషుల ముందు, కావాలి.

పోయిన నెల మ్యూజియం వాళ్లు పాత నాణేల ప్రదర్శన పెడుతున్నామన్నారు. పెదనాన్న ఫోటో పంపాడు. అధికారి స్వయంగా వచ్చి చూస్తానని జవాబు రాశాడు. అంతే, ఈయన కాళ్లు నేల మీద ఆగలేదు. మ్యూజియంలో అద్దాల పెట్టె కింద కార్డు మీద తన పేరు. కానీ ఆ గీత? పరువు పోదూ?

నేను డెంటల్ ల్యాబులో పళ్లకు తొడుగులు చేస్తాను. లోహాన్ని అరగదీసి నునుపు చెయ్యడం నా రోజువారీ పని. అందుకని ముందు నాకే ఫోన్ చేశాడు.

"మీ మిషన్‌తో ఆ గీత పోతుందా?"

"తెచ్చివ్వండి. భూతద్దం కింద పెట్టి చూసి చెప్తాను."

"నీ చేతికా? మీ అమ్మ చేతికిచ్చి ఒకసారి అనుభవించాం, చాల్లే," అని పెట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం చుట్టాలందర్నీ పిలిచి హాల్లో కూర్చోబెట్టాడు. అధికారిని మాత్రం లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు. ఆయన పొగడ్తలు ముందు తను విని, తర్వాత నాలుగింతలు చేసి బయట చెప్పుకోవాలని ఆశ. టీ ఇవ్వడానికి అమ్మ, ట్రే పట్టుకోవడానికి నేను లోపలున్నాం.

అధికారి నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని తిప్పాడు. మళ్లీ తిప్పాడు. సంచిలోంచి పెదనాన్న పంపిన ఫోటో, పెద్దది చేయించింది, తీసి పక్కన పెట్టుకున్నాడు.

"ఫోటోలో గీత ఉందండీ. ఇది అదే నాణెమేనా?"

"అదేనండీ!" పెదనాన్న ఛాతీ ఉబ్బింది. "గిన్నెలకు మెరుగు పెట్టే షాపులో ఇచ్చి అరగదీయించాను. ఎక్కడుండేదో మీరే కనిపెట్టలేకపోయారు చూశారా!"

అధికారి కుర్చీలో కూలబడ్డాడు.

"నేను వచ్చిందే ఆ గీత కోసమండీ. గీసుకుంటే పడ్డ గీత లోపలికి దిగి ఉంటుంది. ఇది ఉబ్బి ఉంది, ఫోటోలో నీడ చూడండి. నాణేలు కొట్టే అచ్చు పగిలితే, ఆ పగుల్లోకి బంగారం దూరి ఇలా పైకి లేస్తుంది. ఇది పుట్టడమే ఆ గీతతో పుట్టింది. ఇలాంటిది నేను ఇంతవరకూ ఒక్కటీ చూళ్లేదు. ఇప్పుడిది అరిగిపోయిన బంగారం ముక్క. ప్రదర్శనకు పనికిరాదు."

"కింద పడితే రాదా?" అమ్మ గొంతు పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు.

"పడితే సొట్ట పడొచ్చమ్మా. ఇలా మాత్రం రాదు."

నేను పెదనాన్న వంక చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడైనా ఆ ఒక్క మాట అంటాడనుకున్నాను. అంత పిచ్చిదాన్ని నేను.

"ఈ ముక్క అప్పుడే గట్టిగా చెప్పి ఉండొచ్చుగా నువ్వు!" అన్నాడు అమ్మతో. తర్వాత గొంతు తగ్గించాడు. "సరే, అయిందేదో అయింది. ఈ మాట ఈ గది దాటకూడదు. బయట నేనేదో సర్దిచెప్తాను."

ఏం సర్దిచెప్తాడో నాకు తెలుసు. చిన్నకోడలు పెట్టిన గీత వల్ల మ్యూజియం వాళ్లు వద్దన్నారు. హాల్లో ఇరవై తలలు ఊగుతాయి.

అమ్మ చేతిలో కప్పు కింద పెట్టింది. వెళ్లి తలుపు బార్లా తీసింది. హాల్లో ఇరవై తలలూ ఇటు తిరిగాయి.

"అయ్యా," అంది అధికారితో, "ఆ గీత ఎలా వచ్చిందో, ఎలా పోయిందో ఇంకొక్కసారి చెప్పండి. మావాళ్లకి కూడా వినపడేలా."

ఆయన గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాడు. పెద్దమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. నాన్న తన కాళ్ల వంక చూసుకున్నాడు. వెనక వరసలో కూర్చున్న ముసలి మేనత్తకు చెవుడు.

"ఏమంటున్నాడే?" అని అరిచింది.

అమ్మ ఆమె పక్కకు ఒక కుర్చీ లాగి అధికారిని కూర్చోమంది.

"మొదట్నుంచి చెప్పండి," అంది. "తొందరేం లేదు. టీ మా బావగారు తెస్తారు."