అత్తగారి అతిజాగ్రత్త

పశువుల ఆసుపత్రిలో టీకాలు వేసే ఆవిడకు ఆ పొద్దున కాలు నిలవడం లేదు. పక్క వీధి పశువులకు గాలికుంటు సోకింది. నోటి పుళ్ళతో చొంగ కారుస్తూ మేత ముట్టడం మానేశాయి. ఆ జబ్బు ఇటువైపు రాకముందే, మూడు వారాల కిందట, తన అన్నయ్య ఆవులన్నిటికీ తనే టీకా వేసింది. మందు ఒంటికి పట్టేదాకా బయటికి వదలొద్దని గట్టిగా చెప్పింది. ఇవాళే వాటిని రెండు వీధులకూ ఉమ్మడిగా ఉన్న నీళ్ళతొట్టికి వదిలే రోజు. ఒక్క ఆవుకు తేడా చేసినా అన్నయ్య సంసారం రోడ్డున పడుతుంది. పాలే వాళ్ళ బతుకు.

"నువ్వు సూది వేశాక ఇంకా భయమేంటే?" అంటూ అన్నయ్య నవ్వుతూ గేటు తీశాడు.

ఆమెకు నవ్వు రాలేదు.

వెంట వచ్చిన అత్తగారు మాత్రం వదిన భుజం మీద చెయ్యేసి గొప్పలు మొదలుపెట్టింది.

"మీ ఆవులకు సూదులు వేసే ముందురోజు, ఆసుపత్రిలో ఫ్రిజ్ చెడిపోయిందని మా కోడలు మందు ఇంటికి తెచ్చిందా? తెచ్చి, కూరగాయల పక్కన పెట్టి పడుకుంది, మాలోకం! నేను చూశాను కాబట్టి సరిపోయింది. సీసాలన్నీ పైన ఐసు గడ్డకట్టే అరలోకి ఎక్కించా. తెల్లారేసరికి రాళ్ళయ్యాయి. ఇది లేచేలోపు గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, తుడిచి, ఎక్కడివక్కడ సర్దేశా. నేను లేకపోతే మీ ఆవుల గతేంటమ్మా?"

ఆమె గేటు వైపు తిరిగి అరిచింది.

"అన్నయ్యా, గేటు వెయ్యి! ముందు గేటు వెయ్యి!"

"ఏమైందే?"

"మందు పాడైంది. అది చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదు. కడితే పస పోతుంది. నేనైనా చూసుకోవాల్సింది. మీ ఆవులకు నేను వేసింది ఉత్త నీళ్ళతో సమానం."

"పాలు గడ్డకడితే పాడవుతాయా ఏంటి? మందెందుకు పాడవుతుందే?" అంది అత్తగారు. అందరి మొహాలూ చూసి, ఆవిడ వదిన భుజం మీది చెయ్యి మెల్లగా తీసేసింది.

అన్నయ్య గేటు లాగి గడియ పెట్టాడు. వదిన ఆవుల మీద చూపు తిప్పి, "చూడి ఆవు ఏదండీ?" అంది.

అన్నిటికంటే ముందు పరుగెత్తిన ఆ చూడి ఆవు, చొంగ కారుస్తున్న పక్క వీధి ఎద్దుతో పాటు తొట్టిలో మూతి పెట్టి, కడుపారా నీళ్ళు తాగుతోంది.