మంగళవారం నాలుగు గంటలకి

"ఈ ప్రోగ్రాం రాసింది నేనేనండీ," అన్నాడు నా పాత భాగస్వామి, జడ్జిగారి ముందు, రెప్ప వేయకుండా. నాకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళ డాక్టర్ల అపాయింట్‌మెంట్ల కోసం అక్షరం అక్షరం రాసింది నేను. కానీ అదే కోడ్ వాడి కంప్యూటర్లోనూ ఉంది.

మా లాయరమ్మ లేచి ఒక్కటే అడిగింది. "మంగళవారం నాలుగింటికి ఇది ఎవరికీ అపాయింట్‌మెంట్ ఇవ్వదు. ఎందుకండీ?"

వాడన్నాడు: "అది... సర్వర్‌కి విశ్రాంతండీ."

తర్వాత సాక్షిగా మా పిన్ని బోనెక్కింది. ఆవిడ పళ్ళ డాక్టరు, దీన్ని మొదట వాడింది ఆవిడే.

"ఆ టైముకి నేను ఈతకెళ్తానండీ. అందుకని అలా రాయించుకున్నాను. మిగతా డాక్టర్లకి అమ్మేటప్పుడు తీసెయ్యడం మా పిల్ల మర్చిపోయింది," అంది నన్ను చూపిస్తూ.

వాడు దొంగిలించి అమ్మిన ముప్ఫై క్లినిక్కుల్లోనూ ప్రతి మంగళవారం నాలుగింటికి డాక్టర్లు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటున్నారు, మా పిన్ని ఈత కోసం.